మంత్రగత్తెల కథాగేమ్‌కు తెలుగు సంభాషణలు: ఆడా మగా, చనువు, చావులేనితనం క్రియల్లో ఎక్కడ బయటపడతాయి?

గ్రహశకలం
కాస్మిక్ వీల్ సిస్టర్‌హుడ్ అనే గేమ్ ఆడినవాళ్ళకు ఈ చట్రం తెలిసిందే. వాలెన్సియాకు చెందిన డీకన్‌స్ట్రక్‌టీమ్ తయారుచేస్తే డెవాల్వర్ డిజిటల్ 2023 ఆగస్టు 16న విడుదల చేసింది. మండలికి ముప్పు ఉందని జోస్యం చెప్పినందుకు ఫోర్తూనా అనే మంత్రగత్తెను నాయకురాలు ఏడానా 1000 ఏళ్ళు వెలివేస్తుంది. ఒక గ్రహశకలం మీద ఒంటరిగా 200 ఏళ్ళు గడిపాక ఫోర్తూనా ఆబ్రమార్ అనే బెహిమోత్‌ను, అంటే మహాశక్తి ఉన్న ఒక జీవిని, పిలిచి బేరం కుదుర్చుకుంటుంది. తన పేకముక్కలు తనే తయారుచేసుకుని, చూడవచ్చినవాళ్ళకు జోస్యం చెబుతుంది. చెప్పింది జరుగుతుంది.

ఈ తరహా కథను మొదటినుంచీ తెలుగులోనే రాయాలంటే ఏమేం చూసుకోవాలి? లెక్క ఇలా పెట్టుకుందాం: 12 పాత్రలు. అందులో ఒక ట్రాన్స్ మహిళ, ఒక నాన్‌బైనరీ (ఆడా మగా రెండూ కాని) మంత్రగత్తె, ఒక బెహిమోత్. ఎవరికీ చావు లేదు. ఆటగాళ్ళు తమ పాత్ర ఆడో మగో రెండూ కాదో ఎంచుకోవచ్చు. చిక్కు క్రియలదే అనిపిస్తోంది. నేను, నువ్వు దగ్గర తెలుగులో ఆడామగా తేడా లేదు కాబట్టి సగం పని తప్పినట్టేనా?

వత్తుపొల్లు
తప్పలేదు. "వచ్చాను, వస్తాను, రాను" వరకు ఫర్వాలేదు. ఉత్తమ పురుషలో, అంటే "నేను" అన్నచోట కూడా గుట్టు బయటపడే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, అలవాటు చెప్పే భూతకాలం: "రోజూ వెళ్ళేదాన్ని" / "వెళ్ళేవాణ్ణి".

రెండు, జరగని పని: "పిలిచి ఉంటే వచ్చేదాన్ని" / "వచ్చేవాణ్ణి".

మూడు, విశేషణం మనిషైనప్పుడు: పిచ్చిదాన్ని, చిన్నవాణ్ణి, అలాంటిదాన్ని కాదు.

నాలుగు, "రాబోయేదాన్ని, వెళ్ళాల్సినవాణ్ణి" లాంటివి.

నువ్వు దగ్గరా ఇంతే: వెళ్ళేదానివి, వెళ్ళేవాడివి.

ఇప్పుడు మీ పాత్రలను చూడండి. చావులేనివాళ్ళు ఏం మాట్లాడతారు? ఒకటి జ్ఞాపకం, రెండోది పశ్చాత్తాపం. "ఆ రోజుల్లో తోకచుక్కల వెంట ఎగిరేదాన్ని", "నువ్వు ఆగమంటే ఆగేదాన్ని". పై జాబితాలో మొదటి రెండూ అవే. మామూలు డిటెక్టివ్ గేమ్‌లో ఈ రూపాలు అక్కడక్కడే తగులుతాయి. 200 ఏళ్ళ వెలి గురించిన కథలో ప్రతి పేజీలో వస్తాయి. అంటే ఆయుష్షు పెరిగేకొద్దీ తెలుగు వాక్యంలో ఆడామగా తేడా ఎక్కువగా కనిపిస్తుంది.

విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. "వెళ్ళేదాన్ని, వెళ్ళేవాణ్ణి" బహువచనంలో ఒకటైపోతాయి: "వెళ్ళేవాళ్ళం". కాబట్టి ఒంటరి జ్ఞాపకం ఆడో మగో చెప్పేస్తుంది, స్నేహితురాలితో కలిసిన జ్ఞాపకం చెప్పదు. కథకు ఇంతకన్నా మంచి పనిముట్టు దొరకదు. ట్రాన్స్ మహిళ పాత్ర తన సంగతి ఇంకా చెప్పని అంకంలో పాతరోజులన్నీ "మనం" తోనే చెప్పించండి. ఆటగాడికి అనుమానం రాదు. రెండోసారి ఆడినప్పుడు మాత్రం ఆమె ఎన్నడూ ఒంటరిగా ఏదీ గుర్తుచేసుకోలేదని తడుతుంది.

తంగేడు
ఇంకో దారి గూడ ఉన్నదన్నా. తెలంగాణ మాటల "నేను పోతుంటి, చేస్తుంటి" అంటరు. ఆడ మగ తేడానే లేదు. ఒక పాత్రకు ఈ యాస పెడితే ఒంటరి జ్ఞాపకం గూడ గుట్టు విప్పకుండ చెప్పొచ్చు. కాకపోతే యాసను దాపరికం కోసమని ఒక్క సీన్ల తెచ్చి మళ్ళ మరిచిపోవద్దు. పెడితే ఆ పాత్ర మొదటినుంచి చివరిదాంక అట్లనే మాట్లాడాలె. "పోతుంటి" అన్నామె తర్వాతి సీన్ల "వెళ్ళేదాన్ని" అంటే దొరికిపోతరు.

గ్రహశకలం
ఇది బాగుంది. మరి నాన్‌బైనరీ పాత్ర గురించి వేరేవాళ్ళు మాట్లాడేటప్పుడు? "వారు వచ్చారు" అని గౌరవ బహువచనం పెట్టేస్తే సరిపోదా?

అమహత్తు
వ్యాకరణానికి సరిపోతుంది, స్నేహానికి సరిపోదు. 300 ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర మందులు కాచిన నేస్తం గురించి "వారు వచ్చారు, వారు అలిగారు" అంటుంటే ఎవరో అధికారి తనిఖీకి వచ్చినట్టుంటుంది. మండలి పెద్దలు అంటే సరే, ప్రాణస్నేహితురాలి నోట్లో మాత్రం పొసగదు.

దగ్గరివాళ్ళ నోట "తను" వాడండి. తను అన్న మాటలో ఆడా మగా లేదు. చిక్కంతా దాని వెనక వచ్చే క్రియతోనే. ఆ క్రియను తప్పించుకునే చోట్లు తెలుగులో బోలెడు:

"తను రాలేదు." భూతకాలపు వ్యతిరేకం అందరికీ ఒకటే. జాగ్రత్త, "రాడు / రాదు" అలా కాదు. "రాకపోవచ్చు" అనండి.

"తను వెళ్ళాలి, వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు."

"తను వచ్చినట్టుంది."

"తను చెప్పిన మాట, తను వదిలేసిన ఇల్లు." ధాతుజ విశేషణానికి ఆడామగా పట్టదు.

అన్నిటికన్నా పనికొచ్చేది: "తనకి కోపమొచ్చింది, తనకి భయమేసింది, తనకి ఆ పాట నచ్చింది, తనకి నేను గుర్తొచ్చాను." ఇక్కడ క్రియ మనిషి వెంట నడవదు, కోపం వెంట, పాట వెంట నడుస్తుంది. తెలుగులో మనసుకు సంబంధించిన మాటలు చాలావరకు ఈ అచ్చులోనే పడతాయి. అందుకే ఆ పాత్ర గురించి భావాలు చెప్పడం సులువు, పనులు చెప్పడం కష్టం. తను తలుపు తీసింది, తీశాడు, తీశారు: మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. కాబట్టి ఆ పాత్ర చేసే పనులను మాటల్లో కాకుండా బొమ్మలో చూపించండి. తలుపు తెరుచుకుంటుంది, తను గుమ్మంలో ఉంటారా, ఉందా అని రాయాల్సిన పని లేదు, కనిపిస్తుంది కదా.

నాలుగోపేక
ఒక్క అభ్యంతరం. ప్రతి వాక్యాన్నీ ఇలా ఒడుపుగా తప్పిస్తూ పోతే పది నిమిషాల్లో పాఠకుడికి వాసన తగులుతుంది. పరీక్ష తేలిక: ఆ పాత్ర ఉన్న సీన్‌ను పైకి చదివించండి. వరసగా నాలుగు వాక్యాలు "-ట్టుంది, -ట్టుంది" అని ముగిస్తే అక్కడ దాచడం కనబడుతోందన్నమాట. అలాంటి చోట నిస్సంకోచంగా ఒక రూపం ఎంచుకుని, ఆ పాత్ర చేతే చెప్పించాలి: "నన్ను వచ్చింది అనండి చాలు, బెహిమోత్‌నీ అలాగే అంటారుగా." తెలుగులో ఈ చమత్కారం ఊరికే దొరుకుతోంది, వదులుకోవడం ఎందుకు?

అమహత్తు
ఒప్పుకుంటాను. నిజానికి ఆ చమత్కారం చాలా లోతైనది. పాత వ్యాకరణంలో మూడు వర్గాలు: మగవాళ్ళు మహత్తు, ఆడవాళ్ళు మహతి, మిగతావన్నీ అమహత్తు. ఏకవచనంలో మహతి వెళ్ళి అమహత్తులో కలుస్తుంది: మంత్రగత్తె వచ్చింది, పిల్లి వచ్చింది, తుపాను వచ్చింది. బహువచనంలో మహత్తులో కలుస్తుంది: మంత్రగత్తెలు వచ్చారు, పిల్లులు వచ్చాయి.

బెహిమోత్‌ను పట్టుకుని దీంతో పూర్తిగా ఆడుకోవచ్చు. మొదటి అంకంలో మండలివాళ్ళు "రెండు బెహిమోత్‌లు ఉన్నాయి" అనాలి. హీరోయిన్ ఒక్కతే కథ మధ్యలో "ఇద్దరు ఉన్నారు" అంటుంది. అప్పుడు ఎవరూ దాన్ని ఎత్తి చూపకూడదు. చివర్లో ఆమెను వెలివేసిన నాయకురాలి నోట "ఇద్దరు" అన్న మాట వస్తే చాలు. దాన్ని మనిషిగా ఒప్పుకున్నారని వేరే డైలాగు అక్కర్లేదు. ఏకవచనంలో ఈ మార్పు చూపించలేరు, ఎందుకంటే "అది వచ్చింది", "ఆమె వచ్చింది" రెంటికీ క్రియ ఒకటే. కాబట్టి ఆ సీన్లలో బెహిమోత్‌తోపాటు రెండోది ఏదో ఉండేలా ముందే చూసుకోవాలి.

గ్రహశకలం
చనువు సంగతి? పాయింట్లు పెట్టి, 0 నుంచి 100 దాకా స్నేహం కొలిచి, 60 దాటితే "నువ్వు", 90 దాటితే "ఏమే" అనిపిద్దామనుకున్నాను.

వత్తుపొల్లు
రెండు కారణాలకు అది బెడిసికొడుతుంది.

మొదటిది లెక్క. మీరు, నువ్వు, ఏమే: మూడు మెట్లు. హీరో పాత్రకు, అంటే ఆటగాడి పాత్రకు, ఆడ, మగ, రెండూ కానిది అని మూడు రూపాలు. ఒక్కో వాక్యానికి 9 రకాలు. 2000 వాక్యాల స్క్రిప్ట్ 18,000 అవుతుంది. పైగా మీరు, నువ్వు మారితే వాక్యంలో ప్రతి క్రియా మారుతుంది, ఒక్క ముక్క మార్చేస్తే కుదరదు. అందుకని చనువు మెట్టును వాక్యానికి కాకుండా సీన్‌కు కట్టండి. మొదటి రెండు కలయికలు "మీరు"లోనే రాయాలి. మూడోది మారే సీన్. ఆ తర్వాతవన్నీ "నువ్వు". మారే సీన్ ఆడించకుండా ఆటగాడిని తర్వాతివాటిలోకి పంపకూడదు. ఆడామగా రూపాలకు మాత్రం వాక్యంలోనే చిన్న చరరాశి పెట్టొచ్చు, ఎందుకంటే అక్కడ మారేది చివరి ముక్కే: దాన్ని, వాణ్ణి. మూడో రూపానికి, అంటే రెండూ కానిదానికి, ముక్క మార్చడం పనిచేయదు. ఆ వాక్యం మొత్తం వేరుగా రాయాల్సిందే. 2000లో ముక్క తగిలేవి ఎన్నో ముందు వెతికి లెక్కపెట్టుకోండి.

రెండోది, పాయింట్లు ఒకే వైపు పెరుగుతాయి. పిలుపు అలా కాదు, రెండు వైపులా ఉంటుంది. ఆమె మిమ్మల్ని "ఏమే" అంటుంది, మీరు ఆమెను "మీరు" అంటారు. పెద్ద చిన్నా ఉన్నచోట ఇది మామూలే. 12 పాత్రలకు అన్ని జతలూ రెండు వైపులా లెక్కేస్తే 132. హీరో ఉన్న జతలే చాలనుకుంటే 22. ఈ 22నే ఒక పట్టికలో రాసి గోడకు అంటించుకోండి.

నాలుగోపేక
"ఏమే"కు పాయింట్లు వద్దే వద్దు. మూడు ప్రశ్నలు పెట్టండి. ఆమె రహస్యం ఎవరికైనా చెప్పావా? ఇచ్చిన మాట మీద నిలబడ్డావా? కనీసం ఒకసారి ఆమెకు ఎదురుచెప్పావా? మూడోది ముఖ్యం. అన్నిటికీ తలాడించినవాళ్ళను ఎవరూ ఏమే అనరు. పాయింట్ల పద్ధతిలో గెలిచేది ఆ తలాడించినవాళ్ళే, అందుకే ఆ గేముల్లో స్నేహాలు నకిలీగా అనిపిస్తాయి.

ట్రాన్స్ మహిళ పాత్రకు ఈ మాట విలువ ఇంకా ఎక్కువ. పాత నేస్తం అంతవరకు పేరుపెట్టి పిలుస్తూ, ఒకచోట చిరాగ్గా "ఏమే, ఆ సీసా ఇటివ్వు" అంటుంది. కన్నీళ్ళు, సంగీతం ఏమీ వద్దు. సీసా ఇస్తుంది, అంతే. దీన్ని ప్రసంగంగా మార్చారో, పోయింది.

అటువైపు కూడా అంతే. ఆమెను అవమానించే పాత్రకు బూతు అక్కర్లేదు. "వాడు" అన్న ఒక్క మాట చాలు. గేమ్ మొత్తంలో ఒక్కసారే రావాలి, వచ్చిన వెంటనే ఆటగాడికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి, ఊరుకోవడం కూడా ఒక ఎంపికగా ఉండాలి. ఊరుకుంటే దాని ఫలితం ఆ మూడు ప్రశ్నల్లో రెండోదాని మీద పడాలి.

తంగేడు
ఆమె చిన్నప్పటి ముచ్చట చెప్పేటప్పుడు ఏ రూపం? అప్పుడు అందరు మగపిల్లగాడు అనుకుంటున్న కాలం కదా.

వత్తుపొల్లు
ఆమె నోటినుంచైతే "ఆడుకునేదాన్ని" అనే రాయాలి. కాలం ఏదైనా మాట్లాడుతున్నది ఇప్పటి మనిషి. ఇతరుల నోట కూడా "ఆడుకునేది" ఉండాలి. పాత ఉత్తరం, పాత శాసనం లాంటివి కథలో వస్తే అక్కడ మాత్రం పాత రూపం ఉండొచ్చు, అది రాసినవాళ్ళ అజ్ఞానంగా కనబడుతుంది. స్క్రిప్ట్‌లో అది పొరపాటు కాదని పక్కన గమనిక రాసి పెట్టండి, లేకపోతే ప్రూఫ్ చూసేవాళ్ళు సరిదిద్దేస్తారు.

అమహత్తు
సిస్టర్‌హుడ్ అన్న మాట దగ్గరే ఇంకో గొయ్యి ఉంది. అచ్చ తెలుగు మాటల్లో వట్టి సిస్టర్ లేదు. అక్కో చెల్లో తేల్చాలి. తోబుట్టువు అనొచ్చు గానీ ఆ మాటతో ఎవరూ ఎవర్నీ పిలవరు. చావులేనివాళ్ళలో పెద్ద ఎవరు? ప్రతి పాత్రకు మూడు అంకెలు రాసుకోండి: పుట్టిన ఏడు, మండలిలో చేరిన ఏడు, చేరేటప్పటి వయసు. మూడోది బొమ్మ గీసేవాళ్ళకు. అక్కా చెల్లీ వరస రెండోదాన్ని బట్టి నడవనివ్వండి, మండలి మర్యాద అది. 70 ఏళ్ళ వయసులో నిన్నగాక మొన్న చేరినామె, 20 ఏళ్ళ పిల్లలా కనబడే 600 ఏళ్ళ మంత్రగత్తెను "అక్కా" అనాలి. మొదటిసారి నోరు తిరగదు. ఆ తడబాటే ఒక సీన్.

ఎవరైనా మండలి వరస వదిలేసి పుట్టిన ఏడు ప్రకారం పిలిస్తే అది తిరుగుబాటు. పట్టిక లేకపోతే ఇలాంటివి అనుకోకుండా జరుగుతాయి, అప్పుడు అది తిరుగుబాటు కాదు, తప్పు.

"మంత్రగత్తె" గురించి కూడా: ఈ మాటలోనే ఆడ ఉంది. మాంత్రికులు అంటే అందరూ వస్తారు గానీ పదునుండదు. మండలివాళ్ళు తమను "మంత్రగత్తెలం" అనుకుంటారు, బయటివాళ్ళు మర్యాదకు "మాంత్రికులు" అంటారు అని విడగొడితే, నాన్‌బైనరీ పాత్ర ఏ మాటకు పలుకుతుందన్నది మీకు కథే అవుతుంది.

నాలుగోపేక
మేము, మనం మరిచిపోతున్నారు. వెలివేసేటప్పుడు నాయకురాలు "మేము నిర్ణయించాం" అనాలి. తర్వాత శిక్ష తగ్గించే బేరానికి వచ్చి "మన మండలి" అంటే హీరోయిన్ ఆ ఒక్క మాటను పట్టుకోవాలి.

జోస్యాల పేకకు కొన్ని సూత్రాలు. కాస్మిక్ వీల్ గేమ్‌లో ముక్కకు నేపథ్యం, బొమ్మ, గుర్తు అని పొరలున్నాయి, ఒక్కో ముక్కకు గాలి, నిప్పు, నీరు, నేలల్లోంచి శక్తి కావాలి. మీ పేకకూ ముక్కల మాటలు అలా అతుకులుగా కూర్చుతుంటే, ప్రతి అతుకూ ఒంటరిగా నిలబడే వాక్యం కావాలి. కర్త ఒక ముక్కలో, క్రియ ఇంకో ముక్కలో పెడితే పొంతన కుదరదు. "నీ జీవితంలోకి ఒకరు వస్తారు" అనండి, "వస్తాడు, వస్తుంది" వద్దు. "ఒకరు" అంటే ఆడో మగో, కొత్తవాళ్ళో పాతవాళ్ళో, ఎవరైనా కావచ్చు. జోస్యానికి కావలసింది అదే.

ఇంకోటి: "మంట తగ్గుతుంది" అంటే రోజూ తగ్గుతుందా, రేపు తగ్గుతుందా? తెలుగులో రెంటికీ ఒకే క్రియ. చెప్పిందల్లా జరిగే కథలో ఇది వరం. హీరోయిన్ ఉన్నది చెబుతోందా, రాబోయేది శాసిస్తోందా అని ఎదుటివాళ్ళకు తెలియకూడదు. దయచేసి "రేపు, త్వరలో" లాంటి మాటలు తగిలించి దాన్ని చెడగొట్టకండి.

ఖాళీజాగా
ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) గురించి ఎవరూ అడగలేదు గానీ, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు.

యూనిటీలో టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు వత్తులను సరిగ్గా కూర్చదు. గోడో 4 కూర్చుతుంది. రెన్‌పై 8.2 నుంచి అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతోంది, అంతకు ముందువి వద్దు. ట్వైన్ బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు చూపించే ఎఫెక్ట్ పెడితే "స్త్రీ" అన్న మాటతో పరీక్షించండి. మనకు అది ఒక అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. సంకేతాల లెక్కన చూపిస్తే తెర మీద స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని వణుకుతుంది. గోడోలో లేబుల్ మొదట షేపింగ్‌కు (వత్తులు, గుణింతాలు కూర్చే పనికి) ముందే అక్షరాలు దాచేలా ఉంటుంది. దాన్ని షేపింగ్ తర్వాత దాచేలా మార్చండి. సొంతంగా విడగొడుతుంటే, వత్తులతో కలిసిన తెలుగు అక్షరాన్ని ఒకే గుత్తిగా ఉంచే నియమం యూనికోడ్ 15.1లో వచ్చింది. లైబ్రరీ అంతకంటే పాతదైతే గుత్తి తెగుతుంది.

పేర్లకు విభక్తి అంటించడం ఇంకో చోటు. "ఆబ్రమార్" అనే చరరాశి పక్కన "కు" పెడితే "ఆబ్రమార్కు" అవుతుంది, మార్కుల సంగతేదో అనుకుంటారు. పొల్లుతో ముగిసే పేరు తర్వాత జడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే కనబడని విడదీత గుర్తు, ఉండాలి: "ఆబ్రమార్‌కు". ఇకారంతో ముగిస్తే "కి", డు అంతమైతే "డికి". సూత్రాలు రాసే బదులు ప్రతి పేరుకు ఐదు రూపాలు చేత్తో రాసి పెట్టుకోండి: పేరు, కు, ని, షష్ఠి, పిలుపు. 12 పాత్రలకు 60 మాటలు, గంట పని. ఆటగాడు సొంత పేరు టైపు చేసే వీలిస్తే మాత్రం ఆ పేరు విభక్తి లేకుండా, పిలుపుగానే వాడండి.

పిక్సెల్ బొమ్మల గేమ్ కదా అని 8 పిక్సెళ్ళ అక్షరాలు గీయించకండి. "స్త్రీ"లో తవత్తు, రవత్తు రెండూ పట్టాలి. వత్తులతో కలిపి 20కి తగ్గితే చదవలేం.

గ్రహశకలం
ఐదు రూపాల పట్టిక, 22 పిలుపుల పట్టిక, మూడు అంకెల పట్టిక. రాసుకున్నాను. స్క్రిప్ట్ పూర్తయ్యాక తప్పులు ఎలా వెతకాలి?

వత్తుపొల్లు
వెతకాల్సిన ముక్కలు: దాన్ని, దానివి, వాణ్ణి, వాడివి, ఎవడు, ఎవతె, ఏరా, ఏమే. "దాన్ని" దగ్గర అనవసరమైనవి చాలా తగులుతాయి, "దాన్ని ఇటివ్వు" కూడా వస్తుంది కాబట్టి. ముందు ఖాళీ లేని "దాన్ని"ని మాత్రమే వెతికితే సగం పోతాయి. వాణ్ణి, వాడ్ని, వాడిని మూడూ వాడుకలో ఉన్నాయి. ఒకటి ఖాయం చేసుకోకపోతే వెతుకులాటలో రెండు తప్పించుకుంటాయి. వాళ్ళు, వాళ్లు కూడా అంతే.

తంగేడు
"పోతుంటి" పాత్రకు వేరే లిస్టు పెట్టుండ్రి. వాళ్ళ సీన్లల్ల "వెళ్ళేదాన్ని" లాంటిది దొరికితే అది తప్పే.

నాలుగోపేక
200 ఏళ్ళ తర్వాత మొదటిసారి చూడవచ్చిన నేస్తం ఏమని పిలవాలో ఆ 22 పట్టికలో ఇంకో గడి పెట్టండి. వెళ్ళిపోయేనాటి పిలుపు, తిరిగొచ్చిననాటి పిలుపు. "ఏమే" నుంచి "నువ్వు"కు దిగితే మొహమాటం. "మీరు"కు దిగితే అవతల ఏదో జరిగింది, ఆటగాడు అడగాలి. ఏమీ మారకుండా, గుమ్మంలోంచే "ఏమే, ఇంకా ఇక్కడే ఉన్నావా" అనే పాత్ర ఒక్కరే ఉండనివ్వండి.